భాయిజాన్ గాడీ

అసర్ నమాజు అయ్యాక మా భాయిజాన్ సీదా ఇంటికి వచ్చేవాడు కాదు. టోల్‌గేట్ దగ్గర చాయ్ బండి పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు మా మాడుగులపల్లి మీదుగానే పోతుంది. మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీలు, ఆంధ్రకు పోయే బస్సులు, మధ్య మధ్య హైద్రాబాద్ నంబరు కార్లు. భాయిజాన్ రోడ్డుకు వీపు పెట్టి, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ, చప్పుడు విని బండి సంగతి చెప్పేవాడు. "డీజిల్. ఆరు సిలిండర్లు. నడిపేటోడికి తమీజ్ లేదు." తిరిగి చూస్తే నిజంగానే ఏదో పెద్ద బీఎండబ్ల్యూ, బస్సుకు అడ్డం దూరుతూ.

2023లో రంజాన్ ఈద్ మర్నాడు అదే బెంచీ మీద నన్ను కూర్చోబెట్టుకుని అన్నాడు: "ఛోటే, ఏక్ గాడీ లేనా హై. బడీ గాడీ."

బడీ గాడీ అంటే ఇన్నోవా అనుకున్నాను. కాదు. మెర్సిడెస్ జీఎల్‌సీ, బీఎండబ్ల్యూ ఎక్స్3, ఆడి క్యూ5, వోల్వో ఎక్స్‌సీ60. ఈ నాలుగు పేర్లూ వరసగా, మా మౌల్వీ సాబ్ అంబియాల పేర్లు చెప్పినంత తడబాటు లేకుండా చెప్పాడు. కొత్తదా, సెకండ్ హ్యాండా అన్నది ఒక్కటే తేలలేదట. దానికి నా మష్వరా కావాలి. "నువ్వు అఖ్బార్‌లో రాస్తావు కదా, నీకు తెలుస్తుంది."

నాకు తెలిసిందల్లా ఒక్క మాట: నక్కో. కానీ ఆ మాట అనే హక్కు నాకు ఉందా అన్నదే సవాల్.

భాయిజాన్ ఏడో తరగతితో చదువు ఆపేశాడు. 1999లో జిద్దా పోయాడు, సాయిఖ్ ఖాస్ వీసా మీద. అంటే ఇంటి డ్రైవరు. కఫీల్ ఇంట్లో జీఎంసీ యూకన్, ల్యాండ్ క్రూజర్, తర్వాత ఒక లెక్సస్. మేడమ్‌ను మార్కెట్‌కు, పిల్లల్ని మద్రసాకు, ముసలమ్మను దవాఖానకు. నేను ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే మొహల్లా అంతా నవ్వింది. భాయిజాన్ ఫోన్‌లో ఒక్కటే అడిగాడు: "తెలుగు పఢ్‌కే క్యా కరేగా రే?" నేనేదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఫీజు పైసలు మాత్రం వచ్చాయి. ఇప్పుడు నేను తెలుగులో రాసే ప్రతి వాక్యం కింద ఆ రియాళ్లు ఉన్నాయి. అలాంటివాడు ఒక్కటంటే ఒక్కటి తన కోసం అడుగుతుంటే, ఇస్రాఫ్ గురించి నేను ఖుత్బా చదవాలా?

2018 జూన్ 24న సౌదీలో ఆడవాళ్లకు డ్రైవింగ్ ఇజాజత్ వచ్చింది. టీవీలో చూసి మేమంతా ఖుషీ అయ్యాం. భాయిజాన్ మాత్రం ఆ వారం ఫోన్‌లో ఎక్కువ మాట్లాడలేదు. కఫీల్ పెద్ద కూతురికి పార్కింగ్ నేర్పింది తనే. మూడేళ్లకు ఆ ఇంట్లో డ్రైవరు అవసరం తీరిపోయింది. 2021లో ఖురూజ్ నిహాయీ మీద, రెండు సూట్‌కేసులతో, ఖజూర్ డబ్బాలతో దిగాడు. ఆ అమ్మాయి ఇప్పటికీ ఈద్‌కు వాయిస్ మెసేజ్ పంపుతుంది, అరబ్బీలో. విని నవ్వుకుంటాడు.

పైసలు ఎక్కడివి అంటే, అబ్బా వదిలిన రోడ్డు పక్క చెల్కలో తన హిస్సా అమ్మాడు. దానికి ఇన్నేళ్ల జమ కలిపాడు. మొత్తం ఎంతో ఇక్కడ రాయను. కొత్త గాడీ కొంటే దాదాపు అంతా పోతుంది. పాతది కొంటే సగం పైన మిగులుతుంది. ఇంట్లో ఇంటర్ చదివే కూతురు ఉంది. దానికి ఫార్మసీ చదవాలని ఉంది.

ఒక రాత్రి దస్తర్‌ఖాన్ తీసేశాక కాగితం మీద హిసాబ్ వేశాను. ఎక్స్ షోరూం ధర 65 లక్షలు అనుకుందాం. అప్పట్లో ఇలాంటి బండికి జీఎస్టీ 28 శాతం, దాని మీద సెస్సు 22 శాతం. అంటే ఆ 65లో 21 లక్షల పైన పన్నే. ఆ పైన మన తెలంగాణ లైఫ్ టాక్సు. 2022లో పెంచిన దాని ప్రకారం 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం. ఇంకో 11 లక్షల 70 వేలు. టీసీఎస్ ఒక శాతం, ఇన్సూరెన్సు, అదీ ఇదీ. 80 లక్షల దగ్గరికి వచ్చి ఆగింది.

అమ్మీ తస్బీహ్ ఆపి అడిగింది: "ఇంత పైసలో హజ్‌కు ఎంతమంది పోతారు రా?"

ఎవరూ జవాబివ్వలేదు. నా కొడుకు మాత్రం, "దాదీ, పైసలు బ్యాంకులో ఉంటే ఏటా జకాత్ ఇవ్వాలి, సొంత గాడీకి జకాత్ లేదు కదా" అని తెలివి చూపించాడు. మస్లా కరెక్టే. అమ్మీ వాడి వైపు చూసిన చూపు కూడా కరెక్టే.

హైద్రాబాద్‌లో షోరూంకు పోయాం. పేరు ఎందుకులెండి. భాయిజాన్ కుర్తా పైజామాలో, చప్పల్స్‌తో ఉన్నాడు. నేను ప్యాంటు షర్టులో. సేల్స్ కుర్రాడు నాకే షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, నాకే ఏసీ కింద కుర్చీ చూపించాడు, నాతోనే బడ్జెట్ మాట్లాడాడు. భాయిజాన్ వంగి కారు కింద చూస్తుంటే, "మీ డ్రైవరా సార్?" అని మెల్లగా అడిగాడు. నాకు చెంపలు మండాయి. భాయిజాన్ విన్నాడో లేదో తెలియదు. వినే ఉంటాడు, లారీ చప్పుళ్ల మధ్య సిలిండర్లు లెక్కపెట్టే చెవులు అవి.

లేచి అతనే అడిగాడు, "స్టెప్నీ ఎక్కడుంది?" ఈ మోడల్లో రన్‌ఫ్లాట్ టైర్లు, స్టెప్నీ అక్కర్లేదు అన్నాడు కుర్రాడు. పంక్చరైనా కొంత దూరం మెల్లగా పోవచ్చట. "మా ఊరి నుంచి కొంత దూరం పోతే మిర్యాలగూడ వస్తది. అక్కడ ఈ టైరు దొరకదు. అప్పుడు?" కుర్రాడు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు చెప్పాడు. తర్వాత టెస్ట్ డ్రైవ్. భాయిజాన్ సీటు సర్దుకుని, అద్దాలు సర్దుకుని, బిస్మిల్లా అని కదిలించాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ బండి నీళ్ల మీద పడవలా పోయింది. కుర్రాడు తిరిగొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక భాయిజాన్‌ను "సార్" అన్నాడు.

లోన్ సంగతి కూడా తీశాడు. పది లక్షలు కట్టండి, మిగతాది ఏడేళ్లు అని. భాయిజాన్ చేయి అడ్డంగా ఊపాడు. "సూద్ కీ గాడీ మే అమ్మీకో నై బిఠాతూం." ఆ ఒక్క మాటతో కొత్త గాడీ సగం దూరం జరిగిపోయింది. నాకు లోపల ఖుషీ అయింది, ఝూట్ ఎందుకు.

పాత గాడీలు చూడటం మొదలుపెట్టాం. ఇక్కడ చదివేవాళ్లలో కూడా ఇలాంటి ఇరాదా ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి, భాయిజాన్ దగ్గర నేర్చుకున్నది రాస్తాను. ముందు ఢిల్లీ బండ్ల సంగతి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను నడపొద్దని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అందుకని ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు నడిచిన డీజిల్ ఆడీలు, బెంజ్‌లు అక్కడ అగ్గువకు అమ్మి దక్షిణానికి తోలారు. ధర వినగానే నోరూరుతుంది. కానీ అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ రావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్సు కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. పాత ఓనర్ బ్యాంకు బాకీ తీరకపోతే ఆర్సీ మీద ఆ బ్యాంకు పేరు అట్లనే ఉంటుంది. ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకోకుండా పైసలు చేతిలో పెట్టొద్దు.

ఒక డీలర్ దగ్గర తెల్లటి బండి చూపించారు. 2017 డీజిల్, మీటరు మీద 41 వేల కిలోమీటర్లు. అద్దంలా మెరుస్తోంది. నాకు నచ్చేసింది. భాయిజాన్ ముందు బానెట్ మీద అరచేయి పెట్టాడు. వెచ్చగా ఉంది. "మేం వచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టారు. చల్లటి ఇంజన్ ఏం మాట్లాడుతుందో మనం వినొద్దని." టైరు మీద నాలుగంకెలు చూడమన్నాడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లూ నాలుగు రకాల తేదీలు. తర్వాత డ్రైవరు తలుపు తీసి, బ్రేకు పెడల్ రబ్బరు వేలితో తడిమాడు. గీతలు అరిగి నున్నగా అయిపోయాయి.

"నలభై వేలకు కాలు ఇంత అరగదు ఛోటే. లక్ష దాటింది."

అక్కడితో ఆగలేదు. డ్రైవరు సీటు అంచు తోలు చూశాడు, వెనక సీటు చూశాడు. వెనక ఎడమవైపు ఒక్కటే నలిగి ఉంది, కుడివైపు కొత్తదిలా ఉంది. "ఓనర్ నడపలేదు దీన్ని. వెనక కూర్చున్నాడు, ఒక్కడే. నడిపినోడు పొట్టి మనిషి, సీటు బాగా ముందుకు జరుపుకునేవాడు. బండిలోనే నిద్రపోయేవాడు, చూడు, ఈ సీటు వీపు ఎంత వెనక్కి వాలి వాలి వదులైందో." తర్వాత ఎండ అడ్డం పెట్టే రేకు కిందికి దించాడు. దాని వెనక చిన్న కార్డు, అంచులు నలిగిపోయి. సఫర్ కీ దువా, కింద ఉర్దూ తర్జుమా. ప్లాస్టిక్ కవర్‌లో.

భాయిజాన్ దాన్ని కాసేపు చేతిలో పట్టుకున్నాడు. మళ్లీ ఉన్నచోటే పెట్టేసి రేకు పైకి మడిచాడు.

ఛాసీ నంబరుతో కంపెనీ సర్వీస్ రికార్డు అడిగితే డీలర్ నీళ్లు నమిలాడు. నేను ప్రెస్ కార్డు తీయాల్సి వచ్చింది, అలవాటు లేని పని, సిగ్గేసింది. రికార్డులో ఏడాది కిందటి ఎంట్రీ: 1,12,000 కిలోమీటర్లు. తిరిగొస్తుంటే బస్సులో నేను డీలర్‌ను తిడుతూనే ఉన్నాను. భాయిజాన్ చౌటుప్పల్ దాకా మాట్లాడలేదు. తర్వాత, "లక్షా పన్నెండు వేలు," అన్నాడు. "వాడు నడిపిన దాంట్లో డెబ్బై వేలు చెరిపేసిండ్రు రా." వాడు అన్నది ఎవరినో నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

ఇంటికొచ్చాక ఇక ఈ సంగతి ఖతం అనుకున్నాను. ఇదే మౌఖా అని భాభీని పక్కకు పిలిచాను. భాభీ, మీరొక్క మాట చెప్పండి, వింటాడు, పాతదైనా ఇలాంటి గాడీ పెట్రోలు డీజిలు కాదు తాగేది, స్పేర్ పార్టులు. ధర పాతదే, రిపేరు మాత్రం కొత్త గాడీ రేటు అన్నాను. ఇది నిజం కూడా. 30 లక్షలకు వచ్చినా బండి పుట్టుక 60 లక్షలది. దాని బ్రేక్ ప్యాడ్లకు, సస్పెన్షన్‌కు మీరు సగం ధరకు కొన్న సంగతి తెలియదు. సర్వీస్ సెంటర్ హైద్రాబాద్‌లోనే.

భాభీ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"మా నికా 2003లో. ఆయన వచ్చేసింది 2021లో. రెండేళ్లకోసారి రెండు నెలల ఛుట్టీ. లెక్కపెట్టు, నువ్వు చదువుకున్నోడివి."

లెక్కపెట్టాను. పద్దెనిమిదేళ్లలో పద్దెనిమిది నెలలు.

"ఆయన నడిపే గాడీలో నేను ఒక్కసారి కూర్చోలే. ఫోటోలు పంపేవాడు, స్టీరింగ్ దగ్గర కూర్చుని. ముందు పక్క సీటు ఖాళీగా ఉండేది ఫోటోలో. వాళ్ల మేడమ్ వెనక కూర్చునేదట. నయీ, పురానీ, నాకు ఫికర్ లేదు. మై సామ్నే బైఠ్తూం."

నేను లేచి బయటికొచ్చాను. ఆ తర్వాత నక్కో అన్న మాట నా నోట్లోంచి రాలేదు.

చివరికి బక్రీద్ అయిన నెలకు దొరికింది. ఖమ్మంలో ఒక డాక్టర్ సాబ్, మొదటి ఓనర్, తనే నడుపుకున్నాడు. ఆరేళ్ల బండి, తెలంగాణ నంబరే, కాబట్టి లైఫ్ టాక్సు బాధ లేదు. కంపెనీ సర్వీస్ బిల్లులు ఫైలులో తేదీల వారీగా ఉన్నాయి. ట్రాఫిక్ చలాన్లు చూస్తే రెండే, అవీ కట్టేసి ఉన్నాయి. భాయిజాన్ పొద్దున ఆరింటికే పోయి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని విన్నాడు. డాక్టర్ సాబ్ నవ్వి, "నేను కూడా పేషెంట్ ఛాతీ ఇట్లనే వింటాను" అన్నాడు. 28 లక్షలకు ఖరారైంది. ఏ కంపెనీ గాడీయో రాయొద్దన్నాడు, నజర్ తగులుతుందని. జర్మన్ గాడీ అని మాత్రం రాసుకో అన్నాడు. మూడు లక్షలు రిపేర్లకని వేరే ఖాతాలో పెట్టించాను, అది నా షర్తు. కూతురి పైసలు కూతురి పేరు మీద వేయించింది భాభీ.

మొదటి జుమారాత్ నాడు జాన్‌పహాడ్ దర్గాకు బయల్దేరాం. అమ్మీ ఎక్కడానికి ఎత్తు ఎక్కువైంది, చెక్క పీట వేశాం. భాభీ కొత్త బురఖాలో ముందు సీట్లో. సీటు బెల్టు ఎట్లా పెట్టుకోవాలో తెలియక ఆమె తికమకపడుతుంటే భాయిజాన్ వంగి పెట్టాడు. వెనక మేమంతా కిటికీల్లోంచి ఊరిని చూస్తున్నట్టు నటించాం.

చాయ్ బండి దగ్గర ఆపాడు, అలవాటుకొద్దీ. మనుషులు పోగయ్యారు. ఎవరో కొత్తవాడు, లారీ క్లీనర్ అనుకుంటా, బానెట్ నిమురుతూ అడిగాడు, "ఎవరిది భాయ్ గాడీ?"

భాయిజాన్ ఏదో ఆలోచనలో ఉన్నాడు. అలవాటైన గొంతుతో, "సాబ్‌ది" అన్నాడు.

చాయ్‌వాలా పెద్దగా నవ్వాడు. భాభీ నవ్వలేదు. అద్దం దించి, "ఓ సాబ్, నాకొక చాయ్, చీనీ తక్కువ," అంది.

ఇది జరిగి ఏడాది అవుతోంది. ముందు టైర్లు రెండూ అరిగాయట. ఒక్కోటి పాతిక వేల పైనే చెప్తున్నారు. హైద్రాబాద్‌లో ఎక్కడైనా తక్కువకు దొరుకుతాయేమో కనుక్కోమని పొద్దున ఫోన్ చేశాడు.