కుట్టు కుదిరితే... లైటు వెలుగుతుంది!

ఇంట్లో ఫ్యూజు పోతే నాన్ననో అన్నయ్యనో కేకేస్తాం. చొక్కా గుండీ ఊడితే అమ్మ దగ్గరికి పరుగెడతాం. టెస్టరు ఒకరికీ సూదీదారం మరొకరికీ ఎవరు పంచిపెట్టారోగానీ ఆ పంపకం ఇప్పటికీ అలాగే నడుస్తోంది. దాన్ని ఓ దారప్పోగుతో కదిలించింది లియా బ్యూక్లీ.

అప్పట్లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు పరిశోధకురాలిగా ఉండేదామె. సర్క్యూటు అనగానే గట్టి బోర్డూ, రాగితీగలూ, సోల్డరింగ్ పొగా గుర్తొస్తాయి కదా. వాటి బదులు మెత్తటి బట్టా, కరెంటు పారే దారం వాడితే? ఆ ఆలోచనే ‘లిలీప్యాడ్’ అయింది. పువ్వులా గుండ్రంగా, అరచేతిలో ఇమిడిపోయే ఊదారంగు బోర్డు అది. చుట్టూ రేకులు, రేకుకో కన్నం. గుండీ కుట్టినట్టే బట్టకు కుట్టేసుకోవచ్చు. 2007లో మార్కెట్లోకి వచ్చింది. దాంతో లియా ఓ సైకిల్ జాకెట్ తయారుచేసింది. ఎడమ చేతి దగ్గరి మీట నొక్కితే వీపుమీద ఎడమవైపు బాణం గుర్తు మినుకు మినుకుమంటుంది!

కిటుకంతా దారంలోనే ఉంది. వెండిపూత వేసిన నైలాన్‌తోనో, సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు పోగులతోనో దాన్ని తయారుచేస్తారు. జరీ చీరలు కట్టే మనకిదేమంత వింత కాదు. 1990ల్లో ఎంఐటీ పరిశోధకులు బట్టలో సర్క్యూట్ల కోసం ప్రయత్నించిన వాటిలో, పట్టుపోగుకి సన్నటి రాగిరేకు చుట్టి నేసిన ఆర్గంజా కూడా ఉంది. జరీ తయారయ్యేదీ ఇంచుమించు అలాగే!

ఒక్క లైటు వెలిగించడానికి బోర్డు కూడా అక్కర్లేదు. 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ, దానికో హోల్డరు, చిన్న ఎల్‌ఈడీ, ఈ దారం... అంతే. ఎల్‌ఈడీకి పొడుగు కాలు ప్లస్, పొట్టిది మైనస్. రెండింటినీ పట్టకారుతో సున్నాల్లా చుట్టాలి. ప్లస్ నుంచి ప్లస్‌కి ఒక దారం, మైనస్ నుంచి మైనస్‌కి మరో దారం మామూలు కుట్టే వేసుకుపోవాలి. రెండు దారాలూ ఎక్కడా తగలకూడదు. తగిలితే షార్ట్ సర్క్యూట్! కుట్టు వదులైతే లైటు ఆరి వెలుగుతుంటుంది. ముడి దగ్గర దారం కొస మిగిలిపోయినా చిక్కే. ఉతికేముందు బ్యాటరీ తీసేయాలి. పసిపిల్లలు మింగితే ప్రాణాలకే ప్రమాదం కాబట్టి, దాన్ని వాళ్లకు అందకుండా దాచాలి.

పనితనం తెలియాలంటే బట్ట తిరగేసి చూడమంటారు కుట్టుపని తెలిసిన పెద్దవాళ్లు. ఇక్కడా అదే పరీక్ష. వెనకవైపు దారాలు చిందరవందరగా ఉంటే ముందువైపు లైటు వెలగదు.

లిలీప్యాడ్ కూడా ఆర్డినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డుల్లో ఓ రకమే. వాటితో జనం చేసి నలుగురికీ చూపించిన వస్తువుల్ని లియా, మరో పరిశోధకుడు బెంజమిన్ మాకో హిల్ పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. మామూలు ఆర్డినోతో చేసినవాటిలో మహిళలవి 2 శాతమే. లిలీప్యాడ్ దగ్గరకొచ్చేసరికి 65 శాతం! పక్కన సూదీదారం చేరేసరికి ‘ఇది మన పనే’ అనిపించిందన్నమాట.

అందుకే ఈసారి పిల్లలు సైన్సు ప్రాజెక్టు అంటే టెస్టరుతో పాటు అమ్మమ్మ కుట్టుపెట్టె కూడా తెచ్చుకోమనండి. లైటు వెలగకపోతే బట్ట తిరగేసి, కుట్టు ఎక్కడ తప్పిందో ఆవిడే చూపిస్తుంది.