గోడకు బోర్డు కొట్టించే ముందు

పాత రాతి ఇంటికి లోపల జిప్సమ్ బోర్డు కొట్టించాలి, మంచి పనివాళ్ళుంటే చెప్పండి అని మన సంఘంలో ఒకరు మొన్న అడిగారు. నంబరు ఇచ్చే ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. కొంచెం పొడుగైతే ఏమీ అనుకోకండి.

మాది మారతహళ్ళి పాత ఊళ్ళో మా మామగారు కట్టించిన ఇల్లు. సైజు రాళ్ళ గోడలు, అడుగున్నర మందం, రాళ్ళ మధ్య సున్నం. తర్వాత ఎప్పుడో మేమే లోపల సిమెంటు పూయించాం. అప్పటి నుంచి అత్తమ్మ గదిలో మూడడుగుల ఎత్తు దాకా రంగు పొక్కులు లేచి రాలేది, చౌడు పూసేది. మూడుసార్లు పెయింటు వేయించాం, మూడుసార్లూ అంతే.

2021లో మా అబ్బాయి జిప్సమ్ బోర్డు అన్నాడు. గోడకు జీఐ ఛానెళ్ళు బిగించి, 12.5 మి.మీ. బోర్డు కొట్టి, పుట్టీ పెట్టి రంగు వేశారు. గోడ అద్దంలా తయారైంది. "ఏమిరా, రోగం తగ్గకుండానే దుప్పటి కప్పేస్తారా?" అని అత్తమ్మ మనవణ్ణి అడిగింది. మేం నవ్వి ఊరుకున్నాం.

2022 సెప్టెంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది, యమలూరు వైపు జనాన్ని ట్రాక్టర్ల మీద, పడవల మీద దాటించారు. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు, అదృష్టం అనుకున్నాం. కొన్నాళ్ళకే అత్తమ్మకు రాత్రిళ్ళు దగ్గు మొదలైంది. గదిలో చెమ్మ ఉందా అని డాక్టరు అడిగితే, "లేదండీ, గోడలన్నీ కొత్తగా చేయించాం" అని చెప్పింది నేనే. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

దీపావళికి మంచం జరిపితే బోర్డు అడుగు భాగం మెత్తగా చేతికొచ్చింది. విప్పి చూస్తే వెనక కాగితమంతా నల్లటి బూజు.

మేస్త్రి గోడ వైపు చూడకుండా ముందు వీధిలోకి వెళ్ళాడు. ఒకప్పుడు మా గడపకు రెండు మెట్లెక్కేవాళ్ళం. తారు మీద తారు వేసి ఇప్పుడు రోడ్డే గడప కంటే ఎత్తైంది. వాన నీళ్ళన్నీ గోడ మొదట్లో నిలుస్తున్నాయి. గ్రానైటు నీళ్ళు పెద్దగా తాగదు, చెమ్మ ఎక్కేది రాళ్ళ మధ్య సున్నంలోంచి. సున్నం గాలి తగిలితే ఆ చెమ్మను వదిలేస్తుంది. మేం సిమెంటుతో ఆ దారి మూశాం, బోర్డుతో కంటికి కనపడకుండా చేశాం. పచ్చ రంగు బోర్డైతే తేమను కొంత ఓర్చుకుంటుంది గానీ, గోడలోంచి ఎక్కే నీటిని ఆపలేదు.

బయట గోడ పక్కన మట్టి అడుగు లోతు తీయించి, నీళ్ళు పోవడానికి వాలు కాలువ కట్టించాం. లోపల సిమెంటు కొట్టించి గోడను ఆరనిచ్చాం. రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా, చెమ్మ ఎక్కడి దాకా ఉందో నెలనెలా పెన్సిల్ గీత గీసి పక్కన తేదీ వేశాను. ఏడాదికి గీత మూడడుగుల నుంచి అడుగు కిందికి దిగింది. తర్వాత సున్నమే పూయించాం. అత్తమ్మ దగ్గు బాగా తగ్గింది, పూర్తిగా పోయిందని చెప్పను.

బోర్డు చెడ్డదని నేననను. హాల్లో చెమ్మలేని లోపలి గోడకు ఇప్పటికీ ఉంది, బాగానే ఉంది. అక్కడ కూడా బోర్డు అంచు నేలకు తగలకుండా అర అంగుళం వదిలించాం. మీరు మాత్రం ముందు ఒక వానాకాలం మీ గోడ మీద పెన్సిల్ గీతలు గీసి చూడండి. గీత పైకి పోతుంటే బోర్డు పనివాళ్ళను కాదు, వీధి వైపు చూసే మేస్త్రిని పిలవండి. సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను. వచ్చి మా గోడ చూడండి, గీతలింకా చెరపలేదు.