దీపం కన్నుగీటితే

మా చిన్నప్పుడు కరెంటు పోతే లైన్‌మన్ స్తంభమెక్కేదాకా విసనకర్రే గతి. ఇక్కడ ఐర్లండులో గాలికి చెట్టుకొమ్మ తీగను తాకితే దీపం కన్నుగీటి మళ్ళీ వెలుగుతుంది. స్తంభం మీది రీక్లోజరు సరఫరా ఆపి, క్షణాల్లో తానే కలిపి చూస్తుంది. కొమ్మ కదలకపోతే ఒకటి రెండు ప్రయత్నాలయ్యాక లైను కట్టేస్తుంది. ఆపైన కంట్రోలు రూములోంచే చెడిన ముక్కను వేరుచేసి, వీలున్నచోట మిగతా ఊళ్ళకు మరో దారిన మళ్ళిస్తారు. గుండెకు షాకిచ్చి లయ కోసం చూసే మాబోటి వైద్యులకు ఇది తెలిసిన విద్యే!

కాని 2025 జనవరి 24న ఏయోవిన్ తుపానుకు స్తంభాలే కూలాయి. 7,68,000 ఇళ్ళకూ వ్యాపారాలకూ చీకటి. కొన్నిచోట్ల రెండు వారాలు దాటింది. కూలిన స్తంభాన్ని మనిషే నిలపాలి. అందుకే ఇంట్లో ఆక్సిజన్ యంత్రం వాడే పెద్దలున్నవారికి మేము చెబుతుంటాము: నిండు సిలిండరొకటి దగ్గరుంచుకోండి, కరెంటు బిల్లు పంపే కంపెనీలో ఆ సంగతి నమోదు చేయించండి.