అక్క రిపోర్టులో నాలుగు పేర్లు

మా అక్కకి 46 ఏళ్ళకే పెద్దపేగులో గడ్డ తీశారు. రెండో స్టేజి. తీసిన ముక్కని మైనంలో ఉంచి, పల్చటి పొరలుగా కోసి, నాలుగు ప్రోటీన్ల కోసం రంగు వేసి చూస్తారట. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. డీఎన్‌ఏలో దొర్లే అచ్చుతప్పుల్ని దిద్దేవి ఇవే. (మీ ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ అయితే రిపోర్టులో ఈ నాలుగూ చూశారా అని అడగండి. అడగడానికి మొహమాటం దేనికి!)

అక్కకి చివరి రెండూ లేవు. "లేవు" అనగానే నా గుండె జారింది. కానీ డాక్టరమ్మ నవ్వుతూ, రెండో స్టేజిలో ఇలాంటివాళ్ళకి తిరగబెట్టడం తక్కువే, నీకు కీమో అక్కర్లేదు అంది. అక్క కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

తర్వాతి మాట నాకు. ఇది లించ్ సిండ్రోమ్ కావచ్చట. రక్తపరీక్షలో జన్యువు మార్పు తేలితే తోబుట్టువులకీ సగం అవకాశం ఉన్నట్టే. తేలినవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి. ఆడవాళ్ళకి గర్భసంచి క్యాన్సర్ భయం కూడా ఉంటుందట. మా అమ్మ పోయింది దానితోనే. ఇన్నాళ్ళూ "ఆవిడ రాత" అనుకున్నాం.

అక్క రక్తం ఇచ్చింది, రిజల్టు ఇంకా రాలేదు. ఉందని వస్తే నేనూ ఇస్తాను. మా అమ్మాయికి ఏం చెప్పాలో అప్పుడు చూస్తాను.