ట్యాంకు కింద పడవ

ఆరో తరగతి చదివే కూతురు ఆదివారం పొద్దున్నే వచ్చి 'నాన్నా, నాకు మంచి స్ప్రైట్ ఒకటి కావాలి' అంది. వంటింట్లోంచి వాళ్లమ్మ వెంటనే కేకేసింది. 'పళ్లు కూడా తోముకోకుండా కూల్‌డ్రింకులేంటే!'

ఆ పిల్ల అడిగింది సీసాలో స్ప్రైట్ కాదు. బళ్లో కంప్యూటరు పాఠంగా 'స్క్రాచ్' నేర్పుతున్నారు. అందులో తెర మీద కదిలే బొమ్మను స్ప్రైట్ అంటారు. పిల్లి, కోతి, బంతి... ఏదైనా సరే. మిగతా పిల్లలంతా అందులో ఉన్న పిల్లినే వాడుతున్నారట. తనకు ఎవరి దగ్గరా లేనిది కావాలి. నాన్న కంప్యూటర్లో అలాంటివి వందలకొద్దీ ఉన్నాయని ఆమెకు తెలుసు.

ఉన్నాయి మరి. వారమంతా కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి కూకట్‌పల్లికీ తిరిగే ఆయనకు ఆదివారం పొద్దున రెండు గంటలు సొంతం. ఆ రెండు గంటల్లో పాత వీడియో గేముల్లోంచి బొమ్మలు విప్పుతుంటాడు. ఈ పని చేసేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ల భాషలో దాని పేరు రిప్పింగ్. దర్జీ కుట్లు విప్పితే చొక్కా మళ్లీ చేతులు, కాలరు, జేబు కింద విడిపోతుంది చూశారా, అలాగన్నమాట. పరిగెత్తే మనిషి ఒక్కడే అనిపిస్తాడుగానీ లోపల చూస్తే కాలు ముందుకేసినవాడు ఒకడు, వెనక్కేసినవాడు ఒకడు, ఎగిరేవాడు ఒకడు, పడిపోయేవాడు ఒకడు. అన్నిటినీ తీసి వరసగా ఒక కాగితం మీద అంటించినట్టు పేర్చాలి. ఆట అయిపోయాక తోలుబొమ్మల బుట్ట విప్పి, రాముణ్ని ఒకపక్క, బంగారక్కని ఒకపక్క పరిచినట్టు ఉంటుంది. ఆ బొమ్మలు చూసి గీయడం నేర్చుకునేవాళ్లుంటారు, పాత ఆటల మీద పుస్తకాలు రాసేవాళ్లుంటారు, ఊరికే చూసి మురిసిపోయేవాళ్లూ ఉంటారు. అయితే బొమ్మల మీద హక్కు మాత్రం ఆట తయారుచేసిన కంపెనీదే. విప్పినంత మాత్రాన మనవైపోవు. కూతురికి ఈయన మొదట చెప్పిన మాట అదే.

భార్య దృష్టిలో ఇది ఖాళీ అగ్గిపెట్టెలు పోగేసే పిచ్చిలాంటిదే. కాకపోతే ఇల్లు ఇరుకవదు కాబట్టి ఊరుకుంటుంది.

పని కష్టమేం కాదు. ఏ ఆట అన్నదే కష్టం. ఉన్నవి రెండు గంటలు. ఆటలేమో వేలు. ఒక్కో ఆటకు నెలలు పట్టొచ్చు. అందుకే మొదలుపెట్టే ముందే ఆలోచించుకోవాలి.

అందరికీ ముందు గుర్తొచ్చేది మారియో. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' మొత్తం ఆట 40 కిలోబైట్లు. ఈరోజు ఫోన్లో వచ్చే గుడ్ మార్నింగ్ పువ్వు బొమ్మ దానికన్నా బరువు! ఆ చోటు సరిపోకే అందులో ఆకాశంలో మబ్బుకీ, నేల మీద పొదకీ ఒకటే బొమ్మ వాడారు. తెల్ల రంగేస్తే మబ్బు, ఆకుపచ్చ వేస్తే పొద. అంతకుముందు 1981లో 'డాంకీ కాంగ్'లో మారియో పుట్టినప్పుడు ఉన్న కాసిన్ని చుక్కల్లో జుట్టు గీయడం కుదరక టోపీ, నోరు గీయడం కుదరక మీసం పెట్టారు. ముగ్గులేసే ఇల్లాలికి ఈ బాధ చెప్పక్కర్లేదు. పదిహేను చుక్కల్లో నెమలి రావాలంటే తోక ఎక్కడ ముడవాలో ఆవిడకు తెలుసు. కానీ మారియో బొమ్మల్ని ఇప్పటికే ఎందరో విప్పేశారు. ఇంకొకరు విప్పితే ఒరిగేదేం లేదు.

'కాంట్రా' అయితే? వేసవి సెలవుల్లో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని తుపాకులు పేల్చుకుంటూ పోయే ఆట. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ అని వరసగా నొక్కితే ముప్ఫై ప్రాణాలు వచ్చేవని ఆ వయసు వాళ్లకి ఇప్పటికీ నోటికొచ్చు. ఆ వరసను 1986లో 'గ్రాడియస్' అనే ఆట కోసం పెట్టిన కజుహిసా హషిమోతో 2020లో కన్నుమూశాడు. కాంట్రాతో చిక్కేమిటంటే, దాని బొమ్మలు లోపల మడతపెట్టి కుక్కేసి ఉంటాయి. ఫైలు తెరిచి చూస్తే ఏరియల్ ఊడిన టీవీలాగా చుక్కలే కనిపిస్తాయి. ఆడుతూ, ప్రతి దశలోనూ ఆపి, అప్పుడు తెర మీదున్నవి పట్టుకోవాలి. పైగా ఏ దేశానిది? జపాన్ ఆటలో చెట్ల ఆకులు ఊగుతాయి, అమెరికా దాంట్లో ఊగవు. 1990లో యూరప్‌లో అమ్మిన దాంట్లో తుపాకులు పట్టిన ఆ ఇద్దరూ మనుషులే కారు, రోబోలు. ఒక్క ఆట అనుకుంటే మూడు ఆటలు!

'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' గురించీ చాలాసార్లు అనుకున్నాడు. 1989లో వచ్చింది. దాన్ని తయారుచేసిన జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌కు తెల్ల బట్టలు వేయించి, పరిగెత్తమని, గోడలెక్కమని చెప్పి వీడియో తీశాడు. ఆ వీడియోలో ఒక్కో అడుగునూ చూసి రాకుమారుణ్ని గీశాడు. అంటే ఆ ఆట బొమ్మలు విప్పితే లోపల దొరికేది ఒక అన్న దాచుకున్న తమ్ముడి నడక. ఆ ఆట రాతప్రతి పోయిందనే అనుకున్నారు. 2012లో మెక్నర్ వాళ్ల నాన్నగారికి ఇంట్లో ఒక పెట్టె దొరికింది. పాత ఫ్లాపీలు! ఇరవై ఏళ్లు దాటిన ఆ ఫ్లాపీల నుంచి తెలిసినవాళ్లు జాగ్రత్తగా చదివి బయటకు తీశారు.

ఆ రోజు కూతురు వీటిలో ఏదీ ఒప్పుకోలేదు. 'నువ్వు చిన్నప్పుడు అన్నిటికన్నా ఎక్కువ ఏది ఆడావు?' అని అడిగింది. ఇది ఆయన ఎప్పుడూ వేసుకోని ప్రశ్న. చిత్రంగా ఉందిగానీ, నిజం.

జవాబు మాత్రం సులువే. ట్యాంకుల ఆట. ఇటుక గోడల మధ్య ట్యాంకు, కింద కోటలో గద్ద బొమ్మ, దాన్ని కాపాడుకోవాలి. అసలు పేరు 'బ్యాటిల్ సిటీ'. జపాన్‌కు చెందిన నామ్‌కో 1985లో తెచ్చింది. అప్పటికప్పుడే ఫైలు తెరిచి చూపించాడు. మొత్తం 24 కిలోబైట్లు. అందులో బొమ్మలకిచ్చింది 8. ఎనిమిదికి ఎనిమిది గళ్ల ముక్కలు 512. నాలుగు ముక్కలు అతికితే ఒక ట్యాంకు. రంగులుండవు. ఈ గడికి ఒకటో నంబరు, ఆ గడికి మూడో నంబరు అని మాత్రమే రాసి ఉంటుంది. పోచంపల్లి నేతగాళ్లు గళ్ల కాగితం మీద డిజైను వేసుకుని, రంగు తర్వాత ఎంచుకున్నట్టే.

మధ్యాహ్నానికి అన్నీ పేర్చేశాడు. నక్షత్రం, గడియారం, పార, బాంబు, హెల్మెట్. ఏదో వెలితి. సాయంత్రం అన్నయ్యకు ఫోను చేశాడు.

అన్నయ్య ఉండేది తెనాలి. అమ్మ పోయి రెండేళ్లు. అప్పట్నుంచి అన్నదమ్ముల మధ్య నడిచే మాటలన్నీ పాతింటి గురించే. ఎవరి వాటా ఎంత, బిల్డరు ఏమంటున్నాడు, రిజిస్ట్రేషన్ ఎప్పుడు. గొడవపడ్డారని అనలేం. కాకపోతే ఫోను మూడు నిమిషాలు దాటేది కాదు. ఆ రోజు ఫోను మోగగానే అన్నయ్య 'కాగితాలు వచ్చాయా?' అన్నాడు.

'అది కాదన్నయ్యా. మన ట్యాంకుల ఆటలో ఏమేం గుర్తులు వచ్చేవి?'

అవతల కాసేపు మాట లేదు. 'ఏరా, ఒంట్లో బాగానే ఉందా? ...నక్షత్రం. పార. పడవ.'

'పడవ లేదు. ఇప్పుడే మొత్తం విప్పి చూశాను.'

'ఒరేయ్, పడవ ఉంది. అది దొరికితే ట్యాంకు నీళ్ల మీద పోయేది. నువ్వు గట్టున ఆగిపోయి ఏడ్చేవాడివి, నేను నీళ్లలోంచి వెళ్లి కొట్టేవాణ్ని. లేదంటావేంట్రా, నీ మొహం!'

ఇద్దరూ నలభై నిమిషాలు వాదించుకున్నారు. ఫైలు ముందున్నవాడు తమ్ముడు, గుర్తున్నవాడు అన్న.

చివరికి అన్నే నెగ్గాడు. 1990ల్లో మన ఊళ్లలో అసలు నింటెండో పెట్టె చూసినవాళ్లు అరుదు. వచ్చినవన్నీ దాని నకళ్లు. వాటిలో పెట్టే క్యాసెట్లూ నకళ్లే. పైన లక్షల ఆటలని అచ్చేసి ఉండేది, లోపల పాతికో యాభయ్యో ఉండేవి. నకలు కొట్టినవాళ్లు ఊరికే ఉండక చేతివాటం చూపించేవారు. బ్యాటిల్ సిటీకి అలా వచ్చిన మారు రూపమే 'ట్యాంక్ 1990'. అందులో కొత్తగా చేర్చిన గుర్తుల్లో పడవ ఒకటి. నామ్‌కో వాళ్లకు తెలియని పడవ అది. ఇక్కడి పిల్లలకు మాత్రం ఆ ఆటే అసలు ఆట.

ఏ ఆట అన్న ప్రశ్న అక్కడితో ఆయనకు మారిపోయింది. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక లెక్క చెప్పింది. 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొనుక్కుందామంటే దొరకవట. పేరూ ఊరూ ఉన్న ఆటల సంగతే అది. గీసినవాడి పేరు లేని, అమ్మినవాడు బిల్లివ్వని, సగానికి సగం దొంగవైన క్యాసెట్ల సంగతి ఎవరు చూస్తారు? మన తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' 1921 నాటిది. ఈవేళ చూద్దామంటే లేదు. అది సినిమా కాబట్టి లేదని కనీసం తెలుసు. క్యాసెట్లలోని పడవల గురించి లేవనైనా ఎవరికీ తెలియదు.

తెనాలి ఇంటి అటక మీద ఉండాలి క్యాసెట్లు. ఆ ఇంటిని నెలాఖరుకు బిల్డరుకు అప్పగించాలి. ఆ అన్నయ్యే, మోకాళ్ల నొప్పులన్న మనిషి, నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. ఇత్తడి గంగాళం, విరిగిన ఉయ్యాల బల్ల, ఆవకాయ జాడీల వెనక బిస్కెట్ల డబ్బా. అందులో మూడు క్యాసెట్లు. కొరియర్లో పంపుతూ పైన స్కెచ్ పెన్నుతో 'జాగ్రత్త' అని రాశాడు. రిజిస్ట్రేషన్ కాగితాల మీద కూడా ఆయన అలా రాయలేదు.

రెండు క్యాసెట్లు పలకలేదు. మూడోదాని అంచున ఉన్న రాగి గీతలు నల్లబడ్డాయి. కూతురి పెన్సిలు రబ్బరుతో రుద్దితే మెరిశాయి. చిన్నప్పుడైతే నోటితో ఊదేవారు. ఉమ్మి తడికి ఆ గీతలు ఇంకా పాడవుతాయని ఆ రోజుల్లో ఎవరికి తెలుసు! ఇలాంటి క్యాసెట్ల లోపలి అమరిక ఒకదానిది ఒకదానికి రాదు. దాన్ని కంప్యూటర్లోకి సరిగ్గా చదివించడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఈలోగా స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చేయాల్సిన తేదీ వచ్చేసింది. పిల్ల మామూలు పిల్లితోనే ఇచ్చేసింది.

నాలుగో ఆదివారం ముక్కలన్నీ తెర మీద పరుచుకున్నాయి. బూడిద రంగులో గోడలు, గద్ద, ట్యాంకులు. కింది వరసల్లో ఎక్కడో నాలుగు ముక్కలు విడివిడిగా ఉన్నాయి. కూతురే మౌసు లాక్కుని ఒకదాని పక్కకు ఒకటి జరిపింది. అతికాయి. పదహారు గళ్ల వెడల్పున, ఎవరో పేరు తెలియని మనిషి గీసిన చిన్న పడవ.

ఫొటో తీసి తెనాలికి పంపారు. రెండు నిమిషాల్లో ఫోను మోగింది.

'చూశావా? చెప్పానా లేదా?' అన్నాడు అన్నయ్య. కాసేపు నవ్వి, 'ఇంకోటి కూడా చూడు. పసుపు ట్యాంకు నాది. ఆకుపచ్చది నీది' అన్నాడు.

'లేదన్నయ్యా, పసుపు నాది.'

వాళ్లలా వాదించుకుంటూ ఉండగానే కూతురు ఆ ఫైలును సేవ్ చేసింది. పేరు అడిగితే 'పెదనాన్న పడవ' అని కొట్టింది.