లుకియ తీరాన కాష్ పట్టణం

అపొస్తలుల కార్యముల గ్రంథం చదివేటప్పుడు మనలో చాలామంది ఊళ్ళ పేర్లను త్వరత్వరగా దాటివేస్తాం. కోసు, రొదు, పతర, మూర మనకు నోరు తిరగని పేర్లుగానే మిగిలిపోతాయి. 21వ అధ్యాయంలో పౌలు పతరలో ఓడ మారాడు. 27వ అధ్యాయంలో ఖైదీగా మూరలో మరొక ఓడ ఎక్కాడు. ఈ రెండు ఊళ్ళూ టర్కీ దేశపు దక్షిణ తీరాన, పూర్వం లుకియ అనబడిన ప్రాంతంలో ఉన్నాయి. రెంటికీ మధ్యలో, ఇంచుమించు సమాన దూరంలో, కాష్ అనే చిన్న రేవు పట్టణం ఉంది.

ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల స్థలాలు చూడటానికి వెళ్ళే మన తెలుగు బృందాలు సాధారణంగా ఎఫెసు చూసి తిరిగి వచ్చేస్తాయి. మా సంఘం నుండి వెళ్ళిన పదకొండు మందిమి అక్టోబరు మొదటి వారంలో మరి నాలుగు రోజులు కలుపుకొని, దేవుని కృపవలన ఈ కాష్ పట్టణానికి చేరగలిగాం. చూసిన సంగతులు పత్రిక చదువరులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

కొండకూ సముద్రానికీ నడుమ

కాష్ అంటే టర్కీ భాషలో కనుబొమ్మ. వెనుక నిటారుగా లేచిన సున్నపురాతి కొండ, ముందు నీలాల సముద్రం, ఆ రెంటి నడుమ పిడికెడు జాగాలో ఊరు. సున్నం వేసిన తెల్లని ఇళ్ళు, చెక్క బాల్కనీలు, గోడల మీదుగా వేలాడే కాగితపు పూల తీగలు. రేవులో చేపల పడవలు, యాత్రికుల పడవలు పక్కపక్కనే కట్టి ఉంటాయి. సాయంకాలం అరుగుల మీద వృద్ధులు చిన్న గాజు గ్లాసుల్లో టీ తాగుతూ పొద్దుపుచ్చుతారు. ఆడవాళ్ళు బోర్లించిన పెనం మీద ఆకుకూర, జున్ను పెట్టిన పలుచని రొట్టెలు కాలుస్తారు. దానితోపాటు ఉప్పు వేసిన మజ్జిగ ఇస్తారు. మసాలా లేదని మొదటి రోజు సణిగినవారే మూడో రోజుకు రెండేసి రొట్టెలు అడిగి తిన్నారు.

ఈ ఊరి పాత పేరు అంటిఫెల్లోస్. అంగళ్ళ వీధిలో కాస్త ఎత్తు ఎక్కితే వీధి మధ్యనే ఒక పెద్ద రాతి సమాధి నిలబడి ఉంటుంది. ఒకే రాతి పెట్టె, దానిపైన తిరగేసిన పడవలాంటి మూత, మూతకు బయటకు పొడుచుకు వచ్చిన సింహపు తలలు. దాని వయసు సుమారు 2,400 సంవత్సరాలు. లుకియ ప్రజలు చనిపోయినవారిని ఊరి బయటకు నెట్టివేయక, ఇళ్ళ నడుమనే ఉంచుకున్నారు. ఆ సమాధి పక్కనే ఇప్పుడు తివాచీలు అమ్ముకుంటున్నారు. పిల్లలు దాని చుట్టూ ఆడుకుంటున్నారు.

ఊరి పడమటి కొసన ఒలీవ చెట్ల మధ్య సముద్రం వైపు తిరిగిన పురాతన రంగస్థలం ఉంది. అర్ధచంద్రాకారంలో 26 వరుసల రాతి మెట్లు. ఎవరూ టికెట్టు అడగరు. అక్కడ కూర్చుంటే ఎదురుగా ఒక దీవి కనబడుతుంది. అది కాస్తెలోరిజో, గ్రీసు దేశానిది. కాష్ రేవు నుండి ఏడు కిలోమీటర్లు మాత్రమే. పడవలో అరగంట కూడా పట్టదు గాని, గ్రీసు షెంగెన్ దేశాలలో ఒకటి కాబట్టి మన పాస్‌పోర్టు గలవారికి ఆ వీసా లేకుండా దిగే వీలు లేదు. మేము ఒడ్డునుండే చూసి తృప్తిపడ్డాం.

ఈ సముద్రగర్భం కూడా చరిత్ర పుస్తకమే. ఊరికి ఆగ్నేయంగా ఉన్న ఉలుబురున్ అనే కొమ్ము దగ్గర 1982లో స్పాంజీలు ఏరే ఒక ఈతగాడికి నీటి అడుగున వింత లోహపు దిమ్మలు కనబడ్డాయి. 1984 నుండి 1994 వరకు శాస్త్రజ్ఞులు మునిగి వెలికితీస్తే అది 3,300 ఏళ్ళనాటి ఓడ అని తేలింది. అందులో సుమారు పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం, కనాను దేశపు జాడీలు, గాజు దిమ్మలు, ఏనుగు దంతం దొరికాయి. ఆ సామగ్రిని బోద్రుమ్ పట్టణంలోని మ్యూజియంలో భద్రపరిచారు. పౌలుకు పదమూడు శతాబ్దాల ముందే ఇది ఓడల రహదారి అన్నమాట.

కాలిబాట

కాష్ చుట్టుపక్కల నడకకు పేరుపొందిన బాట ఉంది. లుకియ మార్గం అని దానికి పేరు. ఇంగ్లండు దేశస్థురాలైన కేట్ క్లో అనే ఆమె పాత కంచర గాడిదల దారులను, మేకల కాపరుల దారులను వెదికి కలిపి, గుర్తులు వేయించి 1999లో దీనిని యాత్రికులకు అందుబాటులోకి తెచ్చారు. ఫెతియె నుండి అంతాల్యా దాపు వరకు సుమారు 540 కిలోమీటర్లు. రాళ్ళ మీద తెలుపు, ఎరుపు రంగుల పట్టీలుంటే దారి సరియైనది. ఎర్రని ఇంటూ గుర్తు ఉంటే ఆ దారిన పోరాదు. ఈ బాట ఊరి మధ్యనుండే పోతుంది గనుక మొత్తం నడవలేనివారు ఒక పూట నడిచి రావచ్చు.

మేము ఎంచుకున్నది లిమానాజీ అనే చిన్న అఖాతానికి పోయే దారి. దానికి రోడ్డు లేదు. పడవ మీద పోవాలి, లేదా నడవాలి. పెద్ద గులకరాళ్ళ తీరం దాటాక బాట సముద్రం అంచునే కొండ వాలు మీద సాగుతుంది. సున్నపురాళ్ళు కత్తుల్లా ఉంటాయి. ఒకచోట కొండ చరియ నిటారుగా దిగాలి, పట్టుకోవడానికి తాడు కట్టి ఉంచారు. మోకాళ్ళ నొప్పులున్న నలుగురు ముందే పడవలో వెళ్ళిపోయారు. మిగిలిన ఏడుగురం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని దిగాం. ఆ చరియలోనే, తలెత్తి చూస్తే, కొండను తొలిచి ఇంటి ముఖద్వారంలా చెక్కిన సమాధులున్నాయి. అవతలి ఒడ్డున నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే పడవ నీడ అడుగున ఇసుక మీద కనబడింది.

దారి పొడుగునా ఎండకు కాగిన మూలికల వాసన. ఒలీవ చెట్ల మధ్య నల్లని ముదురు కాయలు రాలి ఉన్న చెట్లు కనబడ్డాయి. కాయ వంకర తిరిగి మేక కొమ్ములా ఉంటుంది. టర్కీలో దాని పేరు కూడా మేక కొమ్మే. తప్పిపోయిన కుమారుడు పందులతో కలిసి తిని కడుపు నింపుకోవాలనుకున్నవి ఈ కాయలే. మన బైబిల్లో పొట్టు అని ఉన్నచోట గ్రీకు మూలంలో ఈ కాయ పేరే ఉంది. మేము కొరికి చూశాం. బెల్లంలా తియ్యగా ఉంది గాని పీచు గొంతుకు అడ్డుపడుతుంది. ఒక పూట తినవచ్చు. రోజూ తిని బ్రతకవలసి వస్తే తండ్రి ఇల్లు జ్ఞాపకం రాక మానదు.

మరునాడు పడవలో కెకోవా దీవి వైపు వెళ్ళాం. పూర్వపు భూకంపాలకు తీరం కుంగిపోయి ఇళ్ళ గోడలు, మెట్లు నీటిలోకి దిగిపోయాయి. పడవలోనుండి చూడనిస్తారు, అక్కడ ఈదనివ్వరు. కొంచెం పడమరగా అపెర్లే అనే శిథిల నగరం ఉంది. దానికీ రోడ్డు లేదు. ఆ ఊరివారు సముద్రపు నత్తలను చితక్కొట్టి ఊదారంగు తీసి బ్రతికారు. ఆ గుల్లల గుట్టలు నేటికీ ఉన్నాయి. ఫిలిప్పీలో పౌలు మాట విన్న లూదియ అమ్మినది ఊదారంగు సరుకే. చక్రవర్తుల వస్త్రాల వెనుక ఇలాంటి కంపుకొట్టే పల్లెల కష్టం ఉండేదని అక్కడ అర్థమైంది.

పతర, మూర

కాష్ నుండి పడమరగా 40 కిలోమీటర్లు పోతే పతర. పౌలు దిగిన రేవు ఇప్పుడు లేదు. నది తెచ్చిన మట్టి, సముద్రపు ఇసుక దానిని పూడ్చివేసి రెల్లు మొలిచిన మడుగుగా మార్చాయి. లుకియ నగరాల ప్రతినిధులు కూర్చున్న సభామందిరాన్ని తవ్వితీసి 2012 నాటికి బాగుచేశారు. పెద్ద నగరాలకు మూడు ఓట్లు, మధ్యరకానికి రెండు, చిన్నవాటికి ఒకటి అనే పద్ధతి వారిది. నీరో కాలంలో, క్రీ.శ. 64-65లో కట్టిన దీపస్తంభం శిథిలాలు కూడా ఉన్నాయి. పౌలు అంతకు ఏడెనిమిదేళ్ళ ముందే ఈ దారిన వెళ్ళాడు. శిథిలాలు దాటితే మైళ్ళ పొడవున ఇసుక తీరం. సముద్రపు తాబేళ్ళు అక్కడ గుడ్లు పెడతాయి గనుక రాత్రిపూట ఎవరినీ పోనివ్వరు.

క్రిస్మస్ తాతగా మన పిల్లలకు తెలిసిన నికొలాసు పుట్టినది ఈ పతరలోనే అంటారు. ఆయన నాల్గవ శతాబ్దంలో మూర సంఘానికి బిషప్పు. ముగ్గురు కుమార్తెలకు కట్నం ఇచ్చుకోలేని ఒక పేద తండ్రి ఇంట్లో ఆయన రాత్రివేళ రహస్యంగా బంగారు మూటలు వేసి వెళ్ళాడని పూర్వికుల కథ. క్రిస్మస్ తాత కథ మొదలైనది కట్నం బాధలోనుండి! ఇది మన ఇళ్ళలో ఎరుపు టోపీలు కొనేటప్పుడు గుర్తుంచుకోదగిన సంగతి.

కాష్‌కు తూర్పున 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న దెమ్రె పట్టణమే నాటి మూర. కొండ నిండా తేనెపట్టులా సమాధులు. నికొలాసు పేరిట ఉన్న పురాతన దేవాలయం నది మట్టిలో కూరుకుపోతే తవ్వి తీశారు. అందులోనికి మెట్లు దిగి పోవాలి. ఆయన ఎముకలను 1087లో నావికులు ఇటలీలోని బారీ నగరానికి తీసుకుపోయారు. ఖాళీ రాతి సమాధి మాత్రం ఉంది.

మూర రేవు అంద్రియాకె. ఐగుప్తునుండి రోముకు గోధుమలు మోసే ఓడలకు వేసవిలో వాయవ్యపు గాలి ఎదురు. అందుచేత అవి ముందు ఉత్తరానికి వచ్చి ఈ తీరం పట్టుకొని పడమరకు పోయేవి. శతాధిపతికి అలెక్సంద్రియ ఓడ మూరలో దొరకడం వింత కాదు. హద్రియాను చక్రవర్తి కాలంలో కట్టిన గోధుమల గిడ్డంగి ఇప్పుడు మ్యూజియం. ఆ రేవుకూ మేత వేసింది మట్టే. 276 మందితో వెళ్ళిన ఓడ బయలుదేరిన చోట నేడు రెల్లు ఊగుతోంది.

ఒక ప్రశ్న

ఆ సాయంకాలం కాష్ రంగస్థలం మెట్ల మీద కూర్చుని ప్రార్థన ముగించాక, మాతో వచ్చిన ఒక రిటైర్డు టీచరమ్మగారు అడిగారు: "అయ్యగారూ, ఇన్ని చర్చీలు చూశాం గాని ఆరాధించేవాళ్ళు ఒక్కరూ కనబడలేదేంటండీ? దేవుడు వీళ్ళను విడిచిపెట్టేశాడంటారా?"

వెంటనే ఎవరమూ మాట్లాడలేదు. చరిత్ర కొంత చెప్పాం. అరబ్బుల దాడులు, భూకంపాలు, పూడిపోయిన రేవులు జనాన్ని తరిమివేశాయి. అయినా కాష్‌లో గ్రీకు క్రైస్తవులు నిన్నమొన్నటివరకు ఉన్నారు. 1923లో గ్రీసు, టర్కీ ప్రభుత్వాలు జనాన్ని మార్చుకొనే ఒప్పందం చేసుకున్నాయి. భాషను కాదు, మతాన్ని బట్టి వేరుచేశారు. సుమారు పన్నెండు లక్షలమంది క్రైస్తవులు ఇటునుండి అటు, నాలుగు లక్షలకు దగ్గరగా ముస్లిములు అటునుండి ఇటు పుట్టిన ఊళ్ళు విడిచి కదలవలసి వచ్చింది. ఇంటి తాళంచెవులు చేతపట్టుకొని ఏడ్చినవారు రెండు వైపులా ఉన్నారు. కాష్‌లోని గ్రీకు చర్చి నేడు మసీదు. కాబట్టి ఖాళీ అయిన చర్చి దేవుడు విడిచిన గుర్తు అని తొందరపడి అనలేం. లూకా ఈ ఊళ్ళను గురించి రాసిన మాటల్లో "మేము" అంటాడు. మేము ఎక్కాం, మేము దిగాం అంటాడు. ఆ "మేము" ఏ రేవులోనూ నిలిచిపోలేదు. ఓడతోపాటు సాగిపోయింది.

టీచరమ్మగారు కాసేపాగి అన్నారు: "మా అబ్బాయి డాలస్ వెళ్ళి తొమ్మిదేళ్ళయిందండీ. చర్చికి వెళ్తున్నావా అని అడగటానికి నాకు భయం. లేదంటాడేమోనని." ఆమె అడిగిన ప్రశ్న లుకియను గురించి కాదని మాకు అప్పుడు తెలిసింది. మన పల్లెల్లో తాతలు రాళ్ళు మోసి కట్టిన చర్చీలు ఎన్ని ఆదివారాలు నలుగురైదుగురు ముసలివారితో గడుస్తున్నాయో మాకు తెలుసు. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫ్, అమెరికా వెళ్ళారు. వెళ్ళడం తప్పు కాదు, పౌలూ వెళ్ళాడు. వారు ఏమి పట్టుకొని ఓడ ఎక్కారన్నదే ప్రశ్న. అది ఇంట్లో, చిన్నతనంలో, అన్నం దగ్గర ఇవ్వవలసినది. ఆలస్యమైతే ఫోనులోనైనా అడగవలసినది. ఆ రాత్రి ఆమె కుమారునితో చాలాసేపు మాట్లాడారు. ఏమి మాట్లాడారో మేము అడగలేదు.

వెళ్ళదలచినవారికి

దలమాన్ లేదా అంతాల్యా విమానాశ్రయంలో దిగి బస్సులో కాష్ చేరవచ్చు. రెండు దారులూ కొండల మలుపులే, కడుపులో తిప్పేవారు ముందు సీట్లలో కూర్చోవాలి. నడకకు ఏప్రిల్, మే లేదా సెప్టెంబరు చివర, అక్టోబరు మంచివి. వేసవిలో ఆ రాళ్ళ మీద ఎండ భరించరానిది. బాట మీద అంగళ్ళు ఉండవు గనుక మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, పట్టున్న బూట్లు, టోపీ తప్పనిసరి. చెప్పులతో బయలుదేరరాదు, ఒంటరిగా అసలే పోరాదు. మసీదులోనికి వెళ్తే బూట్లు విడిచి, స్త్రీలు తలమీద ముసుగు వేసుకోవాలి. మన ఆడవాళ్ళకు అది అలవాటే.

బయలుదేరే ముందు అపొస్తలుల కార్యములు 21, 27 అధ్యాయాలు కుటుంబ ప్రార్థనలో ఒకసారి మెల్లగా చదువుకోండి. ప్రయాణం చేయలేనివారు కూడా ఈసారి ఆ ఊళ్ళ పేర్ల దగ్గర కాసేపు ఆగండి.