ఎక్స్‌పీకి మాటొచ్చింది

మన పావగడ పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. మేము చదివింది తమిళ మీడియం. అక్కడ క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. తేడా చెవితోనే పట్టుకున్నాం. అందుకే అక్షరాలు పలికి వినిపించే పాత సీడీని వదల్లేకపోయాం.

అది ఎక్స్‌పీలోనే నడుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి, దాని లోపల ఎక్స్‌పీ వేశాం. బొమ్మలొచ్చాయి, మాట రాలేదు. స్పీకరు బాగానే ఉంది. లోపలి ఎక్స్‌పీకి కనబడేది అసలు సౌండ్ కార్డు కాదు, వర్చువల్‌బాక్స్ చూపించే ఉత్తుత్తి కార్డు. అక్కడ ఇంటెల్ హెచ్‌డీ ఆడియో అని ఉంది. అది 2004 సరుకు, ఎక్స్‌పీ 2001ది, డ్రైవర్ ఎక్కడిది? లోపలి మిషన్‌ను పూర్తిగా ఆపి (నిద్రపుచ్చితే చాలదు), సెట్టింగ్స్‌లో ఆడియో కింద ఏసీ97 ఎంచుకున్నాం. 'ఖ' ఖంగుమంది!

శనివారం ల్యాప్‌టాప్ సంఘం గదికి తెస్తాం. పిల్లల్ని పంపండి.